మైనం పెట్టని గిటారు

12 నవంబరు 1978, ఆదివారం

రిహార్సల్. కొత్తగా చేరిన ఆర్గన్ ముందు నా గిటారు మూగదైపోయింది. వాయిస్తున్నది నేనే, వినపడనిది నాకే. పాట సగంలో నర్సింగ్ అన్న అకార్డియన్ ఆపేశాడు. ఆర్కెస్ట్రా ఆయనది, మాటా ఆయనదే. "సుధాకర్, నీ పెట్టె ఇగ నడవది. కరెంటు గిటార్ తెచ్చుకో. మాఘం పెండ్లిళ్ల దాక ఆగుత. గటెన్క సికింద్రబాద్ నుంచి పోరన్ని పిలుస్త. మల్ల నన్ను అనొద్దు."

అందరి ముందూ అన్నాడు. తబలావాడు కూడా నవ్వాడు. పెళ్ళి కాకముందు నుంచీ ఆ మూల కుర్చీ నాది. ఒళ్ళు మండిపోయింది. "సరే అన్నా" అన్నాను.

ఇంటికొచ్చి విమలకు చెప్తే — "గిటారు ఇంట్లో ఒకటి ఉందిగా?" ఉంది. అదే కదా ఏడుపు.

13 నవంబరు

ఆ కుర్చీ పోతే నాకు మిగిలేది షెడ్డే. పొద్దున్నే కంచన్‌బాగ్ దారిన పడటం, ఎర్రటి ఇనుము మీద సుత్తి యంత్రం పడుతుంటే పక్కన నిలబడటం, మసి కడుక్కుని రావడం. వారంలో ఆదివారం ఒక్కరోజే మనిషిలా ఉంటాను. ఆ రోజును ఎవడికీ ఇవ్వను.

15 నవంబరు, బుధవారం

షెడ్డు నుంచి నేరుగా సుల్తాన్‌బజార్. గాజు బీరువాలో ఎర్ర గిటారు. నిండు చెక్క. చపాతీ పీటకు తీగలు బిగించినట్టుంది. షాపువాడు ఆంప్లిఫైయర్ పెట్టి వినిపించాడు. "ఆవాజ్ సునో సాబ్, తల్వార్ హై తల్వార్!" కత్తా? నాకైతే ఎవరో దుప్పటి ముసుగేసుకుని మూలుగుతున్నట్టుంది. ట్రెబుల్ పెంచమన్నాను. ఇంకా పెంచమన్నాను. వాడు మొహం అదోలా పెట్టి "ఇంకెంత సాబ్?" అన్నాడు. వీళ్ళతో బేరం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. లేచి వచ్చేశాను.

నాకు కావలసింది బోలు గిటారు. కడుపున్న గిటారు. పైపలక ఫిడేలు లాగా ఉబ్బెత్తుగా, రెండు పక్కలా 'ఎఫ్' కోతలతో... ఇంట్లో కరెంటు లేకుండా వాయించుకోవాలి, వేదిక మీద కరెంటుతో ఆర్గన్‌కు సమాధానం చెప్పాలి. ఒళ్ళో పెట్టుకుంటే పక్కటెముకలకు తెలియాలి. అలాంటివి దొరల ఇళ్ళల్లో ఉంటాయి. నా జీతానికి అందేది ఒక్కటైనా ఈ ఊళ్ళో ఉండకపోతుందా?

19 నవంబరు, ఆదివారం

సికింద్రాబాద్. కలకత్తాలో చేసిన బోలు గిటారు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. వాయించగానే కూలబడింది. ప్లైవుడ్డు. పైన నిగనిగ, లోపల డాల్డా డబ్బా. సన్నతీగ మీటితే 'టక్' అని గోరు చప్పుడు తప్ప మరేమీ లేదు. "మెరుపేదయ్యా ఇందులో?" అని అడిగాను. షాపులో ఉన్న మరో ఇద్దరు నన్నే చూశారు. వీళ్ళకు ఇది బాగానే ఉందట! ఖర్మ.

20 నవంబరు

షెడ్డులో ఎల్లయ్యతో చెప్పుకున్నాను. సుత్తి దగ్గర పాతకాపు. ఎవరితోనైనా అరిచే మాట్లాడతాడు. అసలు మా షెడ్డులో అందరం అంతే. "గిటార్లన్ని ఖరాబైనయ్ సార్ గిప్పుడు! ముందటి మాల్ ఏడికెళ్లొస్తది?" అన్నాడు. నిజమే.

కొత్తగా చేరినవాడు చెవుల్లో దూది పెట్టుకొచ్చాడు. ఎల్లయ్య వాణ్ణి ఏడిపించాడు — "మొదటేడు నొస్తయ్ రా, తర్వాత అలవాటైతయ్. ఆడపిల్ల తీరు దూదేంది?" అందరం నవ్వాం. నేనూ మొదట్లో పెట్టుకునేవాణ్ణి. తీసేసినరోజు ఎల్లయ్య టీ ఇప్పించాడు.

23 నవంబరు, గురువారం

లొల్లి. విమల నీళ్ళకు వెళ్తూ "కుక్కర్ మూడు కూతలు కూస్తే దించండి" అందట. అది కూయలేదు. నేను పక్క గదిలోనే ఉన్నాను కదా, కూస్తే తెలియదా? పప్పు మాడి బొగ్గయింది. "ఏమండీ, వీధి చివరకు వినిపిస్తుంటే మీకు వినపడలేదా?" అంది. కుక్కర్ మీద బరువు పాడైందని చెప్పాను. నమ్మదు. రేపు కొత్త బరువు కొనాలి.

26 నవంబరు, ఆదివారం

దొరికింది! దబీర్‌పురా, రైల్వే స్టేషన్ వెనక గల్లీలో అబ్బాస్ భాయ్ దుకాణం. రేడియోలు బాగుచేస్తాడు, పక్కన వాయిద్యాలూ. గోడకు వేలాడుతోంది... ఎవరో దొరసాని ఊరొదిలి పోతూ అమ్మేసిందట. తీగలు లేవు. పైపలక ఒకే చెక్కను తొలిచి చేసింది, ప్లైవుడ్డు కాదు. మెడ దగ్గర వార్నిష్ అరిగి, ఎవరి వేళ్ళో కనిపిస్తున్నాయి. చేతుల్లోకి తీసుకుంటే పసిపిల్లంత బరువు.

ధర — నా చీటీ పాడితే అందుతుంది. తీగలు బొంబాయి నుంచి రావాలి. "జుమేరాత్ రాండ్రి సాబ్, తీగలు కట్టి ఉంచుత. మీరే మోగించి చూస్కోండ్రి" అన్నాడు అబ్బాస్ భాయ్. నాకంటే చిన్నవాడే, మాటలో పెద్దమనిషి.

విమలతో బ్రహ్మాండంగా చెప్పాను. "చీటీ డబ్బు మన రమ స్కూలుకు అన్నాం కదండీ?" అంది. చాలా మెల్లగా అంది. ఈమధ్య మాటలు మింగేస్తోంది.

30 నవంబరు, గురువారం

ఓవర్‌టైమ్. వెళ్ళలేకపోయాను. రేపూ ఓవర్‌టైమే.

2 డిసెంబరు, శనివారం

ఆలస్యమైపోయింది. నెలవంక కనిపించిందట, మొహర్రం సంతాపం మొదలు. దుకాణంలో వాయిద్యాలన్నిటి మీదా నల్లగుడ్డ. అబ్బాస్ భాయ్ నల్ల చొక్కా. "మాఫ్ కరో సాబ్. మా ఇంట్ల రెండు నెలల ఎనిమిది రోజులు తీగ మోగది. మా బాబా కాలం నుంచి గిట్లనే."

నా గిటారుకు తీగలు కట్టి ఉన్నాయి. గుడ్డ కింద ఆ ఆకారం తెలుస్తూనే ఉంది. ఒక్కసారి, ఒక్క తీగ, తలుపు వేసుకుని? నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

3 డిసెంబరు, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. మాఘంలో మొదటి ముహూర్తాలకు గిటారు చేతిలో ఉండాలి. దానికి తీగల కింద శబ్దాన్ని పట్టే కాయిల్ చుట్టాలి, ఆంప్లిఫైయర్ కట్టాలి. ఆగితే అయ్యే పని కాదు. వినకుండానే కొనాలి.

"చూస్కోండ్రి, ముట్టుకోండ్రి. మోగించుడొక్కటే వద్దు." నల్లగుడ్డ తీసి నా ఒళ్ళో పెట్టాడు. మెడ వెంట కన్ను పెట్టి చూశాను — వంకర లేదు. పైపలక కుంగలేదు. అరచేయి బల్ల మీద లాగా కాదు, బుగ్గ మీద ఆనినట్టు ఆనింది. ఎడమచేత్తో తీగలు నొక్కాను, కుడిచేయి దూరంగా పెట్టుకుని. వేళ్ళకు నొప్పి లేదు. వేలి కణుపుతో చెక్క మీద కొట్టి చూద్దామనుకుంటే అబ్బాస్ భాయ్ మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు.

కొనేశాను. ఇప్పటిదాకా విన్నవన్నీ పనికిరానివే అయ్యాయి. వినకుండా కొన్నది ఇదొక్కటే. ఎందుకో దీని మీదే నమ్మకం కుదిరింది.

5 డిసెంబరు

విమల మాట్లాడటం లేదు. లేదా మాట్లాడుతోంది, నేను పట్టించుకోవడం లేదు. ఆమె అనేది ఆ రెండోదే.

11 డిసెంబరు, సోమవారం

మొహర్రం పదో రోజు. దబీర్‌పురా నుంచి ఊరేగింపు. మొఘల్‌పురా నుంచి మా ఇంటి యజమానులతో పాటు వెళ్ళి దూరంగా నిలబడ్డాను. జనంలో అబ్బాస్ భాయ్. చెప్పుల్లేవు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మీద చూపు పడింది, ఆగలేదు. ఇలాంటి రోజుల్లోనా ఈ మనిషితో నా తీగల బేరం పెట్టానని సిగ్గేసింది.

20 డిసెంబరు

ఆంప్లిఫైయర్ గొడవ. ట్రాన్సిస్టర్లది కొత్తది గుజరాతీగల్లీలో చూశాను. తేలిక, వేడెక్కదు, ధర వింటే నాకే వేడెక్కింది. అబ్బాస్ భాయ్ వాల్వులది కట్టిస్తానన్నాడు, ఒక చచ్చిపోయిన పాత పెద్ద రేడియో నుంచి. "పెట్టె పాతది, పేగులు కొత్తయి" అన్నాడు. సరేనన్నాను. రేడియో ముందున్న పచ్చ కన్ను కూడా ఉంచుతాడట. స్టేషన్ దొరికితే ముడుచుకునేది... అదిక్కడ శబ్దాన్ని చూపిస్తుంది. చప్పుడు లేకపోతే తెరుచుకుంటుంది, ఎక్కువైతే మూసుకుంటుంది. రమకు చూపించాలి, సంబరపడుతుంది.

7 జనవరి 1979, ఆదివారం

దుకాణంలో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. జుట్టు కంటే సన్నని రాగితీగ అబ్బాస్ భాయ్ వేళ్ళ మధ్య నుంచి కాయిల్ మీదికి పోతూ ఉంటే చూస్తూ... మాటల్లేవు, పాటల్లేవు. పుష్యమాసం, పెళ్ళిళ్ళూ లేవు. రిహార్సల్స్ కూడా లేవు. ఈ నిశ్శబ్దం నాకు హాయిగా ఉంది. ఎవరూ నన్ను రెండుసార్లు పిలవడం లేదు.

18 జనవరి

ఇంట్లో రెండుసార్లు కాదు, నాలుగుసార్లు పిలవాల్సి వస్తోందట. "గోడతో చెప్పుకున్నా నయం. నేనంటే లెక్కలేదు, అంతే కదా? తెనాలి వెళ్ళి మా అన్నయ్య దగ్గర కొన్నాళ్ళుంటాను" అంది విమల. ఆ మాట మాత్రం బాగా వినిపించింది. రోజంతా ఇనుము మధ్య నిలబడి వచ్చినవాడికి ఇంట్లో కాసేపు మౌనంగా ఉండే హక్కు లేదా? అరిచాను. రమ బల్ల కిందికి దూరింది.

8 ఫిబ్రవరి, గురువారం

మౌనం అయిపోయింది. అబ్బాస్ భాయ్ తెల్లచొక్కా. మిఠాయి పెట్టాడు. నల్లగుడ్డలు తీశాడు. ఆంప్లిఫైయర్ స్విచ్చి వేశాడు, వాల్వులు వేడెక్కాయి, పచ్చ కన్ను తెరుచుకుంది.

మీటాను.

మందపు తీగలు — అబ్బా! పక్కటెముకల్లో మోగాయి. ఇదీ గిటారంటే. సన్నతీగల దగ్గరకొచ్చేసరికి... మళ్ళీ అదే. ముసుగు. దుప్పటి. ఇన్నాళ్ళు కాచుకుని కూర్చున్నది దీనికా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ట్రెబుల్ ఏది భాయ్?" అన్నాను. "ఉన్నది గదా సాబ్." పెంచమన్నాను. పెంచాడు. ఇంకా. ఏదో మార్చి మళ్ళీ అతికించాడు. "ఇంతకన్న తీఖా ఏముంటది సాబ్?" లోపలి గదిలో వాళ్ళమ్మ ఠక్కున తలుపేసుకుంది. పెద్దావిడ, సంగీతం అంటే చిరాకేమో.

చివరికి ఆయనన్నాడు — "ఇంకొక పని బాకీ ఉన్నది. కాయిల్‌ని కరిగిన మైనంల ముంచాలె. లేకుంటే లోపలి తీగ కదుల్తది, ఆవాజ్ పెంచితే ఈల తీరు సీటీ కొడుతది. రెండు దినాలు ఉంచుండ్రి." మైనం పెడితే శబ్దం కొంచెం మెత్తబడుతుందా అని అడిగాను. "అవ్, థోడా" అన్నాడు. ఇంకా మెత్తబడటమా! ఉన్న కాస్త మెరుపూ మైనంలో పాతిపెట్టడమా! వద్దన్నాను. "సాబ్, మాట వినుండ్రి..." వద్దంటే వద్దు. రిక్షాలో వేసుకుని తెచ్చేశాను.

11 ఫిబ్రవరి, ఆదివారం

రిహార్సల్. అందరూ గిటారు చుట్టూ మూగారు. తబలావాడి నోరు మూతపడింది. గర్వంగా ఉంది, అబద్ధమెందుకు.

వాయిస్తుంటే నర్సింగ్ అన్న వచ్చి పెట్టె మీద నా ట్రెబుల్ బిరడా తిప్పి తగ్గించేశాడు. "గింత తీఖాగ ఎందుకు వెట్టినవ్? చెవులు పల్గుతున్నయ్." గిటారులోనే మెరుపు లేదన్నా, అందుకని పెంచానన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నడంట నీ అసుంటోడు" అన్నాడు. అకార్డియన్ వాయించీ వాయించీ ఈయనకు చెవులు పోయాయి. ఆయన అటు తిరగగానే మళ్ళీ పెంచుకున్నాను.

16 ఫిబ్రవరి, శుక్రవారం

రాయాలా?

శాలిబండలో రిసెప్షన్. సాయంత్రం. మూడో పాట. నా ముక్క వచ్చింది, వాయించాను. ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు. కడుపులోంచి మోగుతోంది గిటారు, ఆర్గన్ ఎక్కడో కింద ఉంది. పాడే అమ్మాయి ఆగిపోయింది. మాట మరిచిపోయిందనుకున్నాను, కప్పిపుచ్చడానికి ఇంకా గట్టిగా వాయించాను. ముందు వరసలో ఒక ముసలామె రెండు చేతులతో చెవులు మూసుకుంది. పిల్లలు ఏడుస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రి లేచి నిలబడి చేతులు ఊపుతున్నాడు... మెచ్చుకుంటున్నాడనుకున్నాను! నవ్వాను కూడా ఆయన వైపు.

నర్సింగ్ అన్న వచ్చి ప్లగ్గు పీకేశాడు.

"సీటీ వెడుతుంటె ఇనస్తలేదార నీకు? తమాషనా? ఇజ్జత్ తీసినవ్. పో. ఇగ రాకు." అరే, ఒరే అని ఎప్పుడూ అనలేదు నన్ను.

17 ఫిబ్రవరి, శనివారం

షెడ్డు మానేశాను. అబ్బాస్ భాయ్ మోసం చేశాడని నిరూపించి, వాడి మొహాన కొట్టాలని పెట్టె ముందు కూర్చున్నాను. విమల, రమ బజారుకు వెళ్ళారు. బిరడాలు నిన్న ఉన్నచోటే పెట్టాను. మీటలేదు. చేతులు రెండూ గాలిలో పెట్టుకుని విన్నాను. ఏమీ లేదు. గదంతా నిశ్శబ్దం. ఏ సీటీ? ఎక్కడ?

పచ్చ కన్ను గట్టిగా మూసుకుని ఉంది.

బిరడా తగ్గించాను. కన్ను తెరుచుకుంది. పెంచాను. మూసుకుంది. నాకేమో ఏ తేడా లేదు. తగ్గించాను, పెంచాను... పిచ్చివాడిలా ఎంతసేపు చేశానో. ఇంతలో ఇంటి యజమానురాలు ఖాలా తలుపు తోసుకుని వచ్చింది, చెవుల మీద చేతులు. "యే సీటీ బంద్ కరో బేటా! బచ్చా ఉఠ్ గయా!"

స్విచ్చి ఆపాను. "మాఫ్ కర్నా ఖాలా" అన్నాను. ఆవిడ వెళ్ళింది. నేను అక్కడే కూర్చున్నాను.

ఎర్ర గిటారు. కలకత్తా గిటారు. కుక్కర్. విమల.

18 ఫిబ్రవరి

భయంగా ఉంది.

21 ఫిబ్రవరి, బుధవారం

చెవి డాక్టరు. పరీక్ష గదిలో చెవుల మీద హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వస్తే వేలెత్తమన్నారు. మొదట్లో ఎత్తాను. తర్వాత అద్దం అవతల నర్సు మీట నొక్కుతూనే ఉంది, నేను వేలు ఎత్తకుండా ఆమె మొహం చూస్తూనే ఉన్నాను.

"ఏం పని?" అన్నాడు డాక్టరు. ఫోర్జింగ్ అన్నాను. రాస్తున్న కలం ఆగింది. "సన్నటి శబ్దాలు పోయినయి. నరం దెబ్బ తిన్నది. మందు లేదు." ఆపరేషన్? "లేదు." తిరిగి వస్తుందా? నా మొహం చూసి జాలిపడ్డాడు, చిన్నవాడు. "రాదు. ఆ షెడ్డులోనే ఉంటే మిగిలింది గూడ పోతది. పని మార్చుకోండి."

పని మార్చుకోవడం! చొక్కా మార్చుకున్నట్టు చెప్పాడు. చీటీ డబ్బు గిటారయింది. షెడ్డు మానేస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? విమలకు చెప్తే ఆ క్షణమే మానేయమంటుంది. అందుకే చెప్పను.

22 ఫిబ్రవరి

సుత్తి దగ్గర నిలబడి మనుషుల్ని చూశాను. ఎల్లయ్య అరుస్తున్నాడు. అవతలివాడు "ఆఁ?" అని చెయ్యి చెవి దగ్గర పెట్టాడు. వీడు మళ్ళీ అరిచాడు. ఇక్కడ ఎవరికీ ఏమీ తేడాగా అనిపించదు, అందరం ఒకే చెవులతో ఉన్నాం. ఆ కొత్తవాడి చెవుల్లో దూది లేదివాళ. పెట్టుకోరా అని చెప్పాను. "అలవాటయింది సార్" అన్నాడు నవ్వుతూ. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

25 ఫిబ్రవరి, ఆదివారం

అబ్బాస్ భాయ్ దగ్గరకు. మైనం పెట్టమన్నాను. అప్పుడు ఎందుకు వద్దన్నానో, ఇప్పుడు ఎందుకు కావాలో ఆయన అడగలేదు. చిన్న గిన్నెలో మైనం కరిగించి కాయిల్‌ను ముంచాడు. బుడగలు వచ్చాయి, ఆగాయి. చల్లారేదాకా ఇద్దరం టీ తాగాం. బిగించి వాయించి చూపించాడు. "ఇప్పుడెట్లున్నది సాబ్?"

"బాగుంది" అన్నాను. ఏమని చెప్పను! తీగ మీద ఆయన వేళ్ళు చూసి చెప్పాను. ట్రెబుల్ ఎక్కడ పెట్టాలో మీరే పెట్టండి భాయ్, ఒక ఎర్రచుక్క వేయండి, నేను దాన్ని దాటను అన్నాను. అప్పుడు చూశాడు నా వైపు. చుక్క వేశాడు. పైసలు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేది.

2 మార్చి

నర్సింగ్ అన్న ఇంటికి వెళ్ళాను. అరుగు మీదే నిలబెట్టాడు. సికింద్రాబాద్ అతను వచ్చేశాడట, మంచి చెయ్యట. మైనం పెట్టించానన్నా, ఇక సీటీ రాదన్నా అని బతిమాలాను. నాకు ఇంత బతిమాలడం వచ్చని తెలియదు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది, ఆమె ముందు ఇంకా చిన్నతనమైంది. చివరికి "పదకొండు తారీఖు ఆ పోరడు దొరకడు. ఆ ఒక్క పెండ్లికి రా. చూస్త. మల్ల గట్లయితే నా మొఖం చూడకు" అన్నాడు.

చెవి సంగతి చెప్పలేదు. చెవిటి గిటారిస్టును ఎవడు పెట్టుకుంటాడు?

6 మార్చి

పాటలన్నీ మందపు తీగల మీదికి దించుకుంటున్నాను. సన్నతీగల ముక్కలు ఎక్కడ తప్పించుకోవచ్చో వెతుకుతున్నాను. తప్పించుకోలేని చోట వేళ్ళకు గుర్తున్నదే దిక్కు. శ్రుతి పెట్టడం ఎట్లా? ఆర్గన్ అబ్బాయిని అడగాలి, ఏదో వంక చెప్పి. రమను అడిగాను ఇవాళ — "ఈ రెండు తీగలూ ఒకేలా ఉన్నాయా అమ్మా?" "లేవు నాన్నా, ఇది ఏడుస్తోంది" అంది. బిగించాను. "ఇప్పుడు?" "ఇంకా ఏడుస్తోంది." తలుపు దగ్గర విమల చూస్తోందని తర్వాత గమనించాను.

8 మార్చి

షెడ్డు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఎల్లయ్య నవ్వాడు. నవ్వుకోనీ.

10 మార్చి, శనివారం

రేపే పెళ్ళి.

సాయంత్రం ఆంప్లిఫైయర్ లేకుండా, గోడవైపు తిరిగి కూర్చున్నాను. గిటారును పక్కటెముకలకు గట్టిగా ఆనించుకుని మందపు తీగలు మాత్రం వాయించాను. అవి ఉన్నాయి. చెక్కలోంచి ఎముకలోకి వస్తున్నాయి. కళ్ళు మూసుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వెళ్ళాను, తప్పు పోలేదు. చాలా రోజుల తర్వాత భయం లేకుండా ఉన్నాను. రేపు గట్టెక్కుతాననిపించింది.

ఎందుకో వెనక్కి తిరిగాను.

విమల. గుమ్మంలో. మాట్లాడుతోంది. చేతిలో మడతపెట్టిన చీర, మొహమంతా తడి. ఇప్పుడే మొదలుపెట్టిన మనిషిలా లేదు, చివరికొచ్చిన మనిషిలా ఉంది. నేను తిరగడం చూసి ఆగింది. గొంతు సర్దుకుంది. తర్వాతి మాట సగం విని, సగం పెదవుల మీద చూసి పట్టుకున్నాను.

"అంతా చెప్పేశాను. ఇంక మీ ఇష్టం."

"సరే" అన్నాను.

ఆ చీర గుండెలకు పెట్టుకుని నన్నే చూసింది. నమ్మలేనట్టు చూసింది. తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

దేనికి సరే అన్నాను? ఎంతసేపు నిలబడి చెప్పింది నా వీపుకు? వెళ్ళిపోతానందా... ఉండిపోతానందా... తెలుసు, డాక్టరు దగ్గరకు వెళ్ళారని తెలుసు అందా? రేపు వెళ్ళొద్దందా?

ఇక్కడి నుంచి వంటింట్లో ఆమె వీపు కనిపిస్తోంది. రమ జడ విప్పి దువ్వుతోంది. లేచి వెళ్ళి "విమలా, నాకు వినపడలేదు" అనాలి. ఒక్క మాట. ఆ మాట అంటే షెడ్డు, కుర్చీ, అన్నీ బయటికొస్తాయి. అనకపోతే... ఆమె దువ్వెన పక్కన పెట్టింది. ఇటు తిరిగి మళ్ళీ ఏదో అడుగుతోంది. పెదవులు సరిగా కనిపించడం లేదు, ఆమె వెనక దీపం ఉంది.